ఎత్తి పోసిన చారు

ముందుగా మంచి మాట చెప్తాను. మా ఆయన బాగున్నారు. పొద్దున్నే లేస్తున్నారు, స్నానం చేసి దీపం దగ్గర నిలబడుతున్నారు, మెడలో కొలతల టేపు వేసుకుని దుకాణానికి వెళ్తున్నారు. రాత్రి అన్నం తిన్నాక ఒక గోలీ వేసుకుంటున్నారు. ఇందుకు నేను దేవుడికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

అయినా ఇది రాయడానికి నన్ను కూర్చోబెట్టింది కోపం. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న గుళ్ళో పూలు కట్టేవారు. దండలు గుచ్చుతూనే నాకు ఇంట్లో అక్షరాలు దిద్దించారు, దేవుడి పుస్తకాలు చదివించారు. కోపంలో ఉన్నప్పుడు కలం పట్టొద్దనేవారు. ఈ ఒక్కసారికి మన్నించమని ఆయన ఫొటో ముందు చెప్పుకుని మొదలుపెడుతున్నాను.

మా ఆయనకు హెచ్.ఐ.వి. ఉంది. ఇక్కడ ఆయన్ని యాదగిరి అంటాను, అసలు పేరు వేరు. అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నలిగిపోయిన ఒక సందులో బట్టల దుకాణం ఉంది, అక్కడ కటింగ్ మాస్టర్. మేం ఉండేది ఆ వెనక సందులోనే, రెండు గదుల పోర్షన్. ఇంట్లో ముగ్గురం: ఆయన, నేను, మా అత్తమ్మ.

ఆషాఢం

వీధిలో బోనాల డప్పులు మోగుతున్న రోజుల్లో ఆయనకు జ్వరం పట్టుకుని వదలలేదు. దర్జీ మనిషి కదా, ఒళ్ళు తగ్గుతున్న సంగతి ముందు తన ప్యాంటు నడుము దగ్గరే కనిపెట్టారు. ఒకసారి వెనక కుట్టు విప్పి లోపలికి తీసుకున్నారు. కొన్నాళ్ళకు మళ్ళీ తీసుకున్నారు.

"గిట్లనే వోతే వెనక జేబులు రెండూ కలిసి ఒక్కటైతయి సుగుణా," అని నవ్వారు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం. రక్తం తీసుకుని కూర్చోమన్నారు. హాలు నిండా జనం, గోడ మీద టీవీలో ఏదో వంట చేస్తున్నారు. చాలాసేపటికి కౌంటర్‌లో అమ్మాయి లేచి నిలబడి, "హెచ్.ఐ.వి. రిపోర్టు, యాదగిరి ఎవరండీ?" అని కేకేసింది.

అందరూ తలలు తిప్పారు. ఆయన లేవలేదు. ఆ పేరు తనది కానట్టు టీవీలో పొంగుతున్న నూనె వైపే చూస్తూ ఉండిపోయారు. నేను లేచి కాగితం తీసుకున్నాను. తిరిగి వచ్చేసరికి ఆయన పక్కనున్న మనిషి కుర్చీ మారిపోయాడు. జబ్బు పేరు డాక్టరు నోట గదిలో వినాల్సిన మనిషి, వంటల ప్రోగ్రాం మధ్యలో నలుగురితో కలిసి విన్నాడు. చదువుకున్న వాళ్ళు నడిపే చోటు అది. ఇప్పటికీ ఆ దారిన పోతే నాకు కోపం ఆగదు.

ఖాళీ అయిన ఆ కుర్చీలో ఒక ముసలమ్మ వచ్చి కూర్చుంది. ఆమె కూడా విన్నది, నాకు తెలుసు. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, "తాగు బిడ్డా, మొకం తెల్లగైంది," అని ఆయన చేతిలో పెట్టింది. ఆయన మూతి ఆనించి తాగారు. ఆమె సీసా తీసుకుని, తనూ ఒక గుటక తాగి, మూత బిగించి సంచిలో వేసుకుంది. పేరు అడగడం కూడా తోచలేదు నాకు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ సీసా గుర్తొస్తుంది.

నాకూ పరీక్ష చేశారు. నాకు లేదు.

ఎలా వచ్చిందని తెలిసిన ప్రతివాళ్ళూ అడిగారు. ఆయన నాకు చెప్పారు, నేను విన్నాను. ఏడ్చాను, అరిచాను, మూడు పూటలు వంట చేయలేదు. తర్వాత లేచి పొయ్యి వెలిగించాను. అది మా ఇద్దరికీ దేవుడికీ మధ్య మాట, ఇక్కడ రాయను. ఎలా వచ్చిందని అడిగిన వాళ్ళలో ఒక్కరైనా ఎలా ఉన్నాడని అడిగి ఉంటే బాగుండేది.

భాద్రపదం

మందులు సర్కారు కేంద్రంలో ఇస్తారు. అక్కడి కౌన్సెలర్ మేడం మంచి మనిషి. గొంతు తగ్గించి మాట్లాడుతుంది, తలుపు మూసి మాట్లాడుతుంది. ముట్టుకుంటే రాదని, కలిసి తింటే రాదని, రోజూ గోలీ తప్పకపోతే నూరేళ్ళు బతకొచ్చని చెప్పింది. అత్తమ్మను కూడా ఒకసారి వెంట తీసుకెళ్ళాం. అన్నీ విని తలూపింది. మేడం చేతులు పట్టుకుని, "నా కొడుకును కాపాడినవు తల్లీ," అని కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి వచ్చి ఒక పళ్ళెం, ఒక గ్లాసు, ఒక చాప వేరుగా పెట్టింది.

కూర వడ్డించేటప్పుడు గరిటె పళ్ళేనికి జానెడు పైన ఆపేది. చారు అంత ఎత్తునుంచి పోసేది. చారు చిట్లి ఆయన చొక్కా మీద పడేది. ఆయన వేలితో తుడుచుకునేవారు. పెళ్ళైన కొత్తలో ఆయన తిన్న పళ్ళెంలోనే నన్ను తినమని నేర్పింది ఈ అత్తమ్మే. అదే పుణ్యమని, మామయ్య పోయేదాకా తనూ అలాగే తిన్నానని చెప్పేది. నేను అలాగే తిన్నాను, ఇష్టంగానే. అలాంటిది ఆయన పళ్ళెం నన్ను కూడా ముట్టనిచ్చేది కాదు.

సెలవు అడగడానికి వెళ్ళినప్పుడు ఆయన దుకాణం సేటుకు నిజం చెప్పేశారు. అబద్ధం చెప్పడం రాదు ఆయనకు. సేటు టీ తెప్పించాడట, భుజం తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడట.

"ఫికర్ జెయ్యకు మాస్టర్. పని ఎక్కడికి వోదు. జర లోపల కూసో, గుండీలు కుట్టు, ఫాల్స్ కుట్టు. కొలతలు వేరేటోళ్ళు తీస్తరు. కస్టమర్లకు తెలిస్తే మంచిగుండదు గదా."

గోడ మేకుకు టేపు తగిలించి వచ్చేశారు. మనిషి నిలబడిన తీరు చూసి, ఒక భుజం దిగి ఉంటే చొక్కాలో ఆ తేడా తెలియకుండా కత్తిరించే మనిషి ఆయన. అలాంటి చేతుల్ని గుండీల డబ్బాలో పెట్టారు. ఇలా చేయకూడదని చట్టం ఉందని కౌన్సెలర్ మేడం చెప్పింది. "చట్టం నాకు పని ఇప్పిస్తది, టేపు ఇప్పిస్తదా?" అన్నారు ఆయన. కొన్నాళ్ళకు గుండీలకు కూడా వెళ్ళడం మానేశారు.

వినాయకుడి మైకులు వీధిలో చెవులు పగలగొడుతుంటే, ఆయన చాప మీద గోడ వైపు తిరిగి పడుకునేవారు. గడ్డం గీయరు. స్నానానికి నీళ్ళు పెడితే చల్లారిపోయేవి. విచిత్రం ఏమిటంటే అప్పటికి జ్వరం లేదు, దగ్గు లేదు, బరువు పెరుగుతోంది. రక్తం బాగుపడుతోందని కేంద్రంలో సంతోషపడుతున్నారు. మరి ఈ మనిషిని చాపకు కట్టేసింది ఏ జబ్బు?

కార్తీకం

పక్క పోర్షన్ వాళ్ళు అడగడం మొదలుపెట్టారు: మీ యాదగిరి పళ్ళెం బయట నల్లా దగ్గర విడిగా ఎందుకు తోముతున్నారని. అత్తమ్మకు గుబులు పట్టుకుంది. ఒక రోజు పొద్దున్నే ఉపాయంతో లేచింది.

"అయ్యప్ప మాల ఏపిద్దాం. మాలల ఉన్నోనికి పళ్ళెం వేరే, చాప వేరే, గ్లాసు వేరే. ఇగ ఎవ్వలు అడుగుతరు?"

దేవుడి మాలను తెరలా అడ్డం కట్టాలనుకుంది ఆ తల్లి. నాకు మనసొప్పలేదు. కానీ ఆయన మొదటిసారి చాప మీద లేచి కూర్చున్నారు. "ఏస్తనమ్మా," అన్నారు.

మా సందు గుడిలో మాల వేసే గురుస్వామి సత్యనారాయణ గారు, రాజమండ్రి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాయన. ఏటా ఆయన బృందానికి ఇరుముడి సంచులు మా ఆయనే కుట్టి ఇచ్చేవారు, ఉచితంగా. శబరిమల మెట్లెక్కేటప్పుడు తల మీద పెట్టుకునే రెండరల సంచి అది. కుట్టడమే గానీ తను ఎప్పుడూ మోసింది లేదు.

మాల పడిన మర్నాటినుంచి నేను చూసింది నమ్మశక్యం కాదు. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం. నుదుట విభూతి. గుడికి నడిచి వెళ్ళి, భజనలో గొంతెత్తి పాడి, వచ్చి మిషన్ తొక్కేవారు. నల్ల బట్టల సీజన్ కదా, దుకాణంలో ఊపిరాడడం లేదు. సేటు స్వయంగా ఇంటికొచ్చాడు. గడపలోనే వంగి ఆయన కాళ్ళు ముట్టి కళ్ళకద్దుకున్నాడు.

"స్వామీ, మస్తు గిరాకీ ఉన్నది. జర వచ్చి కొలతలు తీయుర్రి."

భుజం తట్టడానికి భయపడిన చెయ్యి అది! కాళ్ళు ముట్టింది. మేకుకున్న టేపు ఆయన మెడలోకి వచ్చింది, మాల పక్కన.

ఇంట్లోనూ అంతే. అదే పళ్ళెం. అత్తమ్మ చింతపండుతో తోమి, పసుపు బొట్టు పెట్టి, రెండు చేతులతో తెచ్చి ముందు పెట్టేది. "భిక్ష చెయ్యి స్వామీ." ఆయన పొద్దున్నే ఆమె కాళ్ళకు మొక్కేవారు. ఆమె తల మీద చెయ్యి వేసేది, వేసి తీయడం మర్చిపోయేది. గోలీ ఒక్క రాత్రి తప్పలేదు. అదే మనిషి, అదే రక్తం, వేరు పెట్టిన అదే పళ్ళెం. పక్కకు నెట్టడానికి వేరు చేసిన నాడు కూలిపోయిన మనిషి, దండం పెట్టడానికి వేరు చేసిన నాడు లేచి నిలబడ్డారు.

స్వామి దయ వల్ల కొండెక్కి క్షేమంగా వచ్చారు. ఆయన తలమీద ఉన్నది ఆయన కుట్టిన సంచే.

మాఘం

కొండనుంచి వచ్చాక తల్లి చేత మాల తీయించుకోవడం ఆచారం. అత్తమ్మ రెండు చేతులతో తీసి, కళ్ళకద్దుకుని, దేవుడి పటానికి వేసింది. ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, అంతా గట్టెక్కామని.

ఆ మధ్యాహ్నమే అన్నానికి కూర్చున్నాం. మా ఇద్దరి పళ్ళేలు మామూలువి. ఆయన ముందు అదే పళ్ళెం. అత్తమ్మ గరిటె నిండా చారు తీసింది. పళ్ళేనికి జానెడు పైన గరిటె ఆగింది.

చారు చిట్లింది. ఆయన ఆ చారు వైపు, తర్వాత అమ్మ వైపు చూశారు. లేచి చెయ్యి కడుక్కుని చాప పరుచుకున్నారు. దుకాణంలో టేపు మేకుకు పోయింది. గడ్డం పెరిగింది. గోలీలు కొన్ని డబ్బాలోనే మిగిలిపోయాయని నెల తిరిగాక కేంద్రంలో బయటపడింది.

"మధ్యలో అంత బాగున్నారు కదా, ఏం మారింది?" అని మేడం అడిగింది.

"మాల తీసిర్రు మేడం," అన్నాను.

బయట బెంచీ మీద బోరబండ నుంచి వచ్చే ఆటో అన్న ఒకాయన ఉంటాడు. ఎన్నో ఏళ్ళుగా మందులు తీసుకుంటున్నాడు. ఆ రోజు మా ఆయన పక్కన జరిగి కూర్చున్నాడు.

"ఏంది అన్నా, మొకం గట్ల పెట్టినవ్? ఇంట్ల దూరం పెడుతున్నరా?"

ఆయన మందుల సంచి మడత పెడుతూ కూర్చున్నారు.

"మా ఇంటామె మొదట్ల నన్ను కుక్కర్ లెక్క జూసేది భాయ్. ఎప్పుడు సీటీ కొడతనో అని దూరం నుంచే వంగి చూసేది." నవ్వాడు. మా ఆయన కూడా, ఎన్నాళ్ళకో, కొంచెం నవ్వారు. "గోలీ చిన్నదే అన్నా. గాని అది దిగాలంటే ఇంట్ల నీళ్ళిచ్చే మనిషి గావాలె. గా నీళ్ళ కోసం కొట్లాడు. నేను సుత కొట్లాడిన."

ఆ మాట ఆయనకు ఎక్కిందో లేదో గానీ నాకెక్కింది. ఆ రాత్రి ఆయన తిని లేచాక, ఆ పళ్ళెంలోనే నేను అన్నం పెట్టుకుని కూర్చున్నాను. అత్తమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమే, నీకు బుద్ధున్నదా? గా పళ్ళెంల తింటున్నవేంది?"

"నువ్వు నేర్పిందే అత్తమ్మా. పున్నెమన్నవ్ గదా."

"అప్పుడు వేరు!"

"పున్నెం మారిందా, నీ కొడుకు మారిండా?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. గది మూల నుంచి ఆయన చూస్తున్నారు. మర్నాడూ ఆ పళ్ళెంలోనే తిన్నాను. ఆ మర్నాడూ. అరుపులు తగ్గాయి. గరిటె మాత్రం కిందికి రాలేదు.

జ్యేష్ఠం

ఎండలు తగ్గుముఖం పట్టాక మళ్ళీ పరీక్షలు చేశారు. నాకు లేదు. ఆయన రక్తంలో అది కనబడనంతగా తగ్గిపోయిందని, ఇలాగే గోలీ తప్పకపోతే భార్యకు కూడా అంటదని మేడం చెప్పింది. మెట్రో స్టేషన్ కింద చెరుకు రసం తాగాం, ఒకే గ్లాసులో. ఆ రోజునుంచి ఆయన గోలీ నేను గుర్తు చేయకుండానే వేసుకుంటున్నారు. మాల లేదు కాబట్టి సేటు ఇచ్చిన గుండీల పనికే మళ్ళీ వెళ్ళారు. అత్తమ్మకు పరీక్ష సంగతి చెప్తే, "దేవుడు సల్లగ జూసిండు," అని దండం పెట్టింది. మధ్యాహ్నం చారు పైనుంచే పోసింది.

నా కోపం ఎక్కడుందో చెప్తున్నాను. తెలియక భయపడితే ఓర్చుకోవచ్చు. అన్నీ విని, తలూపి, దండం పెట్టి, ఆ తర్వాత కూడా గరిటె ఎత్తితే ఏం చేయాలి? ఆయన్ని చంపడానికి రక్తంలోని ఆ జబ్బు పురుగు చాలలేదు. మేమంతా కలిసి ఆ పని పూర్తి చేయబోయాం.

మళ్ళీ కార్తీకం

మొన్న కార్తీకం రాగానే అత్తమ్మ నల్ల పంచె తీసి ఉతికి ఆరేసింది.

"మాల ఎయ్యి బిడ్డా. మాలల ఉన్నప్పుడు మంచిగుంటివి. ఎంత కళ ఉండె మొకంల!"

ఆయన పంచె మడత పెట్టి ఆమె ఒళ్ళో పెట్టారు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజూ గట్టిగా మాట్లాడలేదు.

"గీ ఏడు వెయ్యనమ్మా. మాల ఉంటె నీకు స్వామిని. లేకుంటె నేనెవ్వన్ని? మాల లేకుంట నాకు బువ్వ పెట్టు. పెట్టిన నాడు వేసుకుంట."

అత్తమ్మ ఆ పంచె పట్టుకుని పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుంది.

ఈ ఏడు ఇరుముడి సంచులు ఎందుకు రాలేదో కనుక్కోవడానికి గురుస్వామి ఇంటికొచ్చారు. గురుస్వామికి జబ్బు సంగతి తెలియదు. మా ఆయన నా వైపు ఒకసారి చూసి, తనే చెప్పేశారు. జబ్బు పేరుతో సహా.

గురుస్వామి ముఖం పాలిపోయింది. "అంటే... పోయినేడు మాతో కలిసి... భిక్షలో..." అని ఆగిపోయారు.

నాకు ఒళ్ళు మండింది. "అవు స్వామీ. కలిసే తిన్నరు, కలిసే పడుకున్నరు, ఆయన కుట్టిన సంచి మీ తల మీద పెట్టుకుని కొండెక్కిర్రు. మీకేమన్న అయ్యిందా? అయ్యప్పకేమన్న అయ్యిందా?"

"సుగుణా," అన్నారు ఆయన.

గురుస్వామి లేచారు. "శరణం, మాతా," అని మాత్రం అని, ఇచ్చిన పాలు తాగకుండా వెళ్ళిపోయారు. ఆ పాల గ్లాసును చూస్తూ అత్తమ్మ అంది: "చూసినవా? గురుస్వామే తాగలే." నేను గ్లాసు తీసి లోపల పెట్టాను. ఆ రాత్రి దేవుడితో కూడా మాట్లాడలేదు నేను.

రెండు మూడు రోజులు గడిచాయి. ఆయన కళ్ళజోడు మర్చిపోతే ఇవ్వడానికి దుకాణానికి వెళ్ళాను, అత్తమ్మ కూడా కూరగాయలకని వెంట వచ్చింది. దుకాణం నిండా నల్ల బట్టలవాళ్ళు. అప్పుడే గురుస్వామి లోపలికి వచ్చారు. సేటు లేచి దండం పెట్టి, కుర్రాణ్ణి పిలవబోయాడు.

"వద్దండీ. మా మాస్టారు తీస్తారు కొలతలు," అన్నారు గురుస్వామి. "లోపల ఉన్నారుగా? పిలవండి."

సేటు నీళ్ళు నమిలాడు. మా ఆయన గుండీల డబ్బా పక్కన పెట్టి, తెర తొలగించుకుని వచ్చి నిలబడ్డారు. మేకుకు టేపు ఉంది. తీయలేదు.

గురుస్వామి దగ్గరికి వచ్చారు. గొంతు తగ్గించి, మాకు వినపడేంతగా మాత్రం, "నాకు భయం లేదని చెప్పను స్వామీ. ఉంది. డాక్టర్ని అడిగొచ్చాను, అయినా కొంచెం ఉంది. అది నా తప్పండీ, మీది కాదు. కొలవండి," అన్నారు. దీక్షలో ఉన్న మనిషి, దుకాణం నడిమధ్య, రెండు చేతులూ చాచి నిలబడ్డారు.

మాల లేని మా ఆయన్ని స్వామీ అన్నారు. ఆయన మేకునుంచి టేపు తీశారు. మెడ చుట్టూ, భుజం మీద, మణికట్టు దగ్గర. చేతులు మొదట నెమ్మదిగా కదిలాయి. తర్వాత మామూలుగా ఆడాయి. "ఎడమ భుజం జర దిగింది స్వామీ, సంచి మోసినందుకు గావచ్చు. సరిజేస్త," అన్నారు.

గురుస్వామికి నేను రుణపడి ఉన్నాను, రోజూ తలుచుకుంటాను. కానీ ఒక మాట. ఒక మనిషిని ముట్టనివ్వడం గొప్ప పని కాకూడదు. అది గొప్ప పని అయ్యేలా చేసింది మనం. ఇది చదివే వాళ్ళ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి, ముందు వెళ్ళి మీ గరిటె ఎక్కడ ఆగుతోందో చూసుకోండి.

ఆ మధ్యాహ్నం ఆయన ఇంటికి అన్నానికి వచ్చారు. మెడలో టేపు తీయడం మర్చిపోయి అలాగే కూర్చున్నారు. అత్తమ్మ కూరగాయలు కొనడం మరిచే ఇంటికి వచ్చేసింది. అన్నం పెట్టింది. గరిటెతో చారు తీసింది. ఎప్పటిలాగే పైన ఆపింది. ఆయన తల వంచుకుని ఉన్నారు, చొక్కా వెనక్కి లాక్కుని, చిట్లకుండా.

అత్తమ్మ ఆ చొక్కా పట్టుకున్న చేతిని చూసింది. "చెయ్యి తియ్యి బిడ్డా," అంది.

గరిటె అంచు పళ్ళేనికి తగిలి టంగుమంది.